పరాయి చేతికి ముడుపు

కార్వేటినగరం దాటాక దారి రెండుగా చీలే చోట, ఒక కాలు నేల మీదా ఒక కాలు పెడల్ మీదా పెట్టుకుని నిలబడిపోయిన మనిషిని పోయిన వారం మీరు అక్కడే వదిలేసి వెళ్ళారు. ఆ మనిషిని నేనే, వనజాక్షిని. ఎడమకు తిరిగితే పుత్తూరు, ఆపైన తిరుపతి. అది నేను పోవలసిన దారి. కుడికి తిరిగితే నగరి. అది నేను పుట్టిన ఊరు, ఇప్పుడు నాది కాని ఊరు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. పలమనేరు దగ్గర వినికిడి లేని పిల్లల బడిలో నేను ఆటల టీచర్ని. బడి కప్పు మీద పడే వాన నీళ్ళు వృథాగా పోకుండా పట్టుకునే తొట్టి కట్టించాలని, దానికి విరాళాలు అడుగుతూ పలమనేరు నుంచి ఇచ్ఛాపురం దాకా సైకిల్ మీద బయల్దేరాను. పెట్రోలు పొగ వదలకుండా, ప్లాస్టిక్ సీసా కొనకుండా రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చని నలుగురికీ చూపించాలని కూడా ఉంది. నిజానికి ఈ పిచ్చి నాది కాదు, నా భర్త జయరావుది. ఇద్దరం కలిసి పోదామన్నాడు. రెండు సైకిళ్ళు కొన్నాడు, రెండు పసుపు చొక్కాలు కుట్టించాడు. కిందటేడు గుండెపోటుతో ఆయన పోయాడు. ఒక సైకిల్ బడి వరండాలో గోడకు ఆనుకుని ఉంది. రెండోదాని మీద నేనున్నాను.

జయరావును చేసుకున్నందుకే నగరి నాది కాకుండా పోయింది. మాది మగ్గాల వీధి. వాళ్ళది చిత్తూరులో చర్చి పక్క ఇల్లు. పెళ్ళి చేసుకుని ఇంటికి వచ్చిన రోజున మా అక్క మొగుడు మోహన్‌కృష్ణ గడపలో అడ్డంగా నిలబడి, ఇక ఈ ఇంట్లో నీకు చోటు లేదు పొమ్మన్నాడు. అతని వెనక మా నాయన గంగులప్ప ఉన్నాడు, మా అక్క లోకేశ్వరి ఉంది. ఇద్దరూ నోరు విప్పలేదు. ఆ తరవాత ఒక ఫోను లేదు, ఒక శుభలేఖ లేదు. చర్చివాళ్ళ దృష్టిలో నేను నేతోళ్ళ పిల్లని. మగ్గాల వీధి దృష్టిలో జయరావు పెండ్లాన్ని. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ రెంటికీ మధ్య ఉన్న ఇరుకులో ఇద్దరం హాయిగానే బతికాం. ఇప్పుడు అక్కడ నేనొక్కదాన్నే మిగిలాను.

అందుకే కుడికి తిరిగాను. నాకు తెలియాల్సింది ఒక్కటే, నాయన ఉన్నాడా లేడా. ఉంటే వీధి చివర నుంచి ఒకసారి చూసి నా దారిన నేను పోతాను. ఎవరి గడపా తొక్కను, ఎవరి కాళ్ళూ పట్టుకోను. ఆయన బతికి ఉంటే ఈ భూమ్మీద నేనింకా ఒకరికి బిడ్డని. ఆ మాట చాలు నాకు, దాంతో ఇచ్ఛాపురం ఏమిటి, ఇంకా అవతలికైనా తొక్కుతాను.

ఒంటరిగా సైకిల్ తొక్కేవాళ్ళను చూసి జనం ధైర్యం అంటారు. ధైర్యమూ లేదు, నా తలకాయా లేదు. ఊళ్ళోకి పోగానే దండ వేస్తారు, బడిపిల్లల చేత చప్పట్లు కొట్టిస్తారు, పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. పర్యావరణం మీద ఒక పెద్దమనిషి మాట్లాడతాడు, ఆయన కారు ఇంజను మాత్రం బయట ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఫోటో అయిపోయిందంటే సభ అయిపోయినట్టే. సాయంత్రం ఏ బడి వరండాలోనో చాప పరుచుకుని, చైన్‌కు నూనె పెట్టుకుంటూ, ఈ రోజు రోడ్డు ఎలా ఉందో చెప్పడానికి ఎవరున్నారా అని చూస్తే గోడ మీద బల్లి ఉంటుంది. దానికే చెబుతాను. నవ్వకండి, అది నాలుగు మాటలు విని వెళ్ళిపోతుంది, అందరికంటే అదే నయం.

ఇక ఆ పసుపు చొక్కా సంగతి. లారీవాళ్ళకు దూరం నుంచే కనబడాలని జయరావు ఆ రంగు ఏరికోరి ఎంచాడు. అరవవాళ్ళ పెరటాసి నెలలో ఆ రంగు తొడుక్కుని నగరి రోడ్డెక్కితే జనం ఏమనుకుంటారో ఆయనకు తట్టలేదు పాపం. అరవదేశం నుంచి తిరుమలకు నడిచిపోయే భక్తులంతా ఆ నెలలో పసుపు బట్టలే కడతారు. నన్ను చూసి, నడవలేక సైకిలెక్కిన భక్తురాలనుకున్నారు. వెనక సంచుల మీద కట్టిన విరాళాల డబ్బాకు మా పిల్లలు రంగులతో బొమ్మ వేశారు, నీళ్ళ తొట్టి, దాని మీద మబ్బు. జనానికి అది కలశమూ గొడుగూ అయి కూర్చుంది. ఒకామె డబ్బాకు కుంకుమ పెట్టింది. ఇంకొకామె సైకిల్ ముందు చక్రానికి దణ్ణం పెట్టి, తన పేరు చెప్పి కొండ మీద హుండీలో వేయమని డబ్బులిచ్చింది. అమ్మా, ఇది దేవుడికి కాదు, చెవిటి పిల్లల బడికి అని చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది. మంచిదే తల్లీ, బడికీ అడుక్కో, మాది మాత్రం సామికి వెయ్యి అంటారు. దేవుడి సొమ్ముతో తొట్టి కట్టలేను కదా. అలా వచ్చినదాన్ని వేరే గుడ్డసంచిలో వేసుకుంటూ వచ్చాను. నేను గుడి మెట్లెక్కి ఎన్నేళ్ళయిందో ఆ స్వామికే తెలియాలి.

నగరి పొలిమేరలో తిరుపతి రోడ్డు పక్కన కొబ్బరాకుల పందిరి వేసి ఉంది. భక్తులకు మజ్జిగ, చిత్రాన్నం పెడుతున్నారు. ఆగకుండా పోదామనే అనుకున్నాను. కానీ మంచి ఎండ, నాలుక పిడచకట్టింది, పైగా అక్కడ స్టీలు గ్లాసులు కనబడ్డాయి. ప్లాస్టిక్ కప్పులు లేని పందిరిని దాటుకుని పోతే నా ప్రచారానికి అర్థమే లేదని నాకు నేను నచ్చజెప్పుకుని బ్రేకు వేశాను. వట్టి అబద్ధం. మజ్జిగ బాన పక్కన గరిటె పట్టుకుని నిలబడింది మా అక్క.

ఒక్క చూపులో పోల్చాను. జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది, చెవుల కమ్మలు మాత్రం అమ్మవే. పక్కన పాత వంటపాత్రల మధ్య కూర్చుని మిరపకాయలు తుంచుతున్నది మా వీధి రాఘవమ్మత్త. కాస్త అవతల చిత్రాన్నం గంగాళం దగ్గర అజమాయిషీ చేస్తున్నది మోహన్‌కృష్ణ బావ. ఆ రోజు గడప నిండా కనబడిన మనిషి, ఇప్పుడు బొజ్జ వచ్చి, మోకాలు పట్టుకుని నడుస్తున్నాడు. అతన్ని చూస్తే భయం వేస్తుందనుకున్నాను. భయం కాదు, చిరాకు వేసింది.

నాకేమో తల మీద హెల్మెట్, కళ్ళకు నల్ల గాగుల్స్, దుమ్ముకు అడ్డంగా ముక్కు మీద గుడ్డ. ఎండకు కమిలి బొగ్గయి ఉన్నాను. నన్ను కన్న తల్లి లేచి వచ్చినా గుర్తుపట్టదనే ధీమాతో గ్లాసు అందుకున్నాను. మజ్జిగ తాగాలంటే గుడ్డ దించాలి కదా, దించాను. రోడ్డు వైపు తిరిగి గటగటా తాగాను. అల్లం, కరివేపాకు, కాస్త ఎక్కువైన ఉప్పు. మా ఇంటి మజ్జిగ ఎప్పుడూ ఉప్పు ఎక్కువే.

అక్క ఇంకో గ్లాసు పోసింది. యాడ నుంచి వస్తున్నావని అడిగింది. పలమనేరు అన్నాను, ఆ బొంగురు గొంతుతోనే. కొండకేనా అంది. తల ఊపాను, తిరుపతి ఎలాగూ నా దారిలోదే. ఆమె గరిటె బానలో వదిలేసి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒక్క నిమిషం ఉండు తల్లీ, పోవాకు, ఇప్పుడే వస్తా అని చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా మగ్గాల వీధి వైపు గబగబా నడిచిపోయింది.

ఆ కాస్తసేపు నేను పడింది నాకే తెలుసు. ఆమె వచ్చేలోపు పారిపోవాలని ఒక మనసు, ఎందుకు పోయిందో తెలుసుకోవాలని ఇంకో మనసు. నాయనను చెయ్యి పట్టుకుని తీసుకొస్తుందేమోనని ఒక పిచ్చి ఆశ. అది కలగగానే నా మీద నాకే కోపం వచ్చింది. టైర్లలో గాలి చూస్తున్నట్టు నటిస్తూ కింద కూర్చున్నాను.

ఈలోగా మోహన్‌కృష్ణ బావ విస్తరాకులో చిత్రాన్నం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. డబ్బా మీద రాసింది కూడబలుక్కుని చదివాడు. వాన నీళ్ళ తొట్టా అని అడిగి, మంచి పని అన్నాడు, మా ఊళ్ళో కూడా బోర్లన్నీ ఎండిపోతుండాయి అన్నాడు. జేబులోంచి నోటు తీసి, ఇది దేవుడికి కాదు పిల్లలకే అని చెప్పి మరీ డబ్బాలో వేశాడు. ఆ దారి పొడుగునా నా మాట సరిగ్గా అర్థం చేసుకున్న మొదటి మనిషి అతనే కావడం నాకు గుండెల్లో గుచ్చుకుంది. చెడ్డవాడైతే బాగుండేది.

“ఇంత దూరం ఒక్కదానివే పోతాండావు, ఇంట్లోవాళ్ళు ఎవురూ లేరా తల్లీ?” అన్నాడు.

“లేరు” అన్నాను.

అయ్యో పాపం అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. విస్తరాకు నా చేతిలో పెట్టి, నీడలో కూర్చుని తినమని చెప్పి వెళ్ళాడు. విస్తరి పట్టుకుని సైకిల్ పక్కనే నిలబడ్డాను.

అక్క చెమటలు కక్కుకుంటూ వచ్చింది. కొంగు కింద ఏదో దాచి పట్టుకుంది. నా దగ్గరగా వచ్చి తీసి చూపించింది. పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. గుడ్డ వెలిసి మట్టిరంగుకు వచ్చింది, ముడి మాత్రం బిగువుగా ఉంది. మా ఇంట్లో ముడుపు కడితే సామి పటం వెనక పెడతారు. నేనున్నప్పుడు అక్కడ ఏ ముడుపూ లేదు.

“ఇది కొండకు తీసుకుపోయి హుండీలో వెయ్యమ్మా. మేము ఈ ఏడు కొండెక్కకూడదు. ఎండాకాలంలో మా నాయన పొయినాడు” అంది.

నా చేతిలో చిత్రాన్నం విస్తరి ఉంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. శనగబేడలు, ఎండుమిరపకాయ ముక్క, పసుపు మెతుకులు. నాయన లేడు. ఎండాకాలంలో నేను బడి మైదానంలో ఈ సైకిల్ మీద బరువులు మోయడం అలవాటు చేసుకుంటున్నాను. ఆ రోజుల్లోనే ఏదో ఒక రోజు ఆయన పోయాడు. ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? పరాయి ఊరి ఆడమనిషికి చెప్పినట్టు నా తోడబుట్టింది నాకు చెబుతుంటే, నేను పరాయిదానిలాగానే వినాలి. అయ్యో అనాలి, ఎన్నేళ్ళుంటాయమ్మా అని అడగాలి. ఇంతకంటే దిక్కులేనితనం ఇంకేముంటుంది? ఏడుద్దామన్నా నాకు హక్కు లేదు. ఆ గాగుల్స్ కొనిపెట్టినందుకు మాత్రం మనసులో జయరావుకు దణ్ణం పెట్టుకున్నాను.

అయ్యో అన్నాను.

అక్క ఆగలేదు. అడగకపోయినా చెప్పుకుపోయింది. మరమగ్గాలు వచ్చాక అందరూ గుంత మగ్గాలు పీకేసినా నాయన మాత్రం తీయనివ్వలేదట. నేయడం మానేసినాక కూడా పొద్దున్నే పోయి ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడట. పక్కన కండెలు చుట్టే రాట్నాన్ని మాత్రం ఎవరినీ తాకనిచ్చేవాడు కాదట. ఆ రాట్నం ఎవరిదో ఆమె చెప్పలేదు. పెళ్ళి దాకా ఆ రాట్నం దగ్గర కూర్చుని ఆయనకు కండెలు చుట్టి అందించింది నేను. చివరికి నిద్రలోనే పోయాడట, ఎవరినీ కష్టపెట్టలేదట. ఇదంతా దారిన పోయే భక్తురాలికి ఎందుకు చెబుతున్నదా అని నాకు తట్టనే లేదు. వింటూ నిలబడ్డాను. ఆమె ఆపితే ఇంక వినడానికి ఏమీ ఉండదన్న భయం ఒక్కటే నాకు.

నా చేతిలో విస్తరి తీసి పక్కన పెట్టి, ముడుపు నా అరచేతిలో ఉంచి నా వేళ్ళు తనే మూసింది. ఆమె చెయ్యి వెంటనే తీసేయలేదు.

రాఘవమ్మత్తకు కళ్ళు సరిగా కనబడవు కానీ, మగ్గాల వీధిలో ఆమెకు తెలియకుండా చీమ కదలదు. ఉన్నచోటి నుంచే గొంతెత్తింది.

“ఏమే లోకా, హుండీకి డబ్బులిచ్చినావంటే సరే. ముడుపు ఎట్లిస్తావే? అది గంగులప్పన్న చిన్నదాని కోసరం కట్టింది గదా, ఆ పిల్ల ఇల్లు చేరితే కొండకు పంపిస్తానని. కోరిక తీరినాక గదా ముడుపు కదిలేది? ఆ పిల్ల యాడొచ్చింది?”

పందిట్లో గరిటెల చప్పుడు ఆగింది. అక్క వెనక్కి తిరగలేదు. నా గాగుల్స్‌లోకి సూటిగా చూస్తూ, రాఘవమ్మత్తకు జవాబు చెప్పింది.

“వచ్చిందత్తా.”

గుడ్డ కప్పుకుని, గొంతు మార్చుకుని, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని అక్కను మోసం చేశాననుకున్న నా తెలివికి ఏమని పేరు పెట్టాలి? మజ్జిగ రెండో గ్లాసు పోసినప్పటికే ఆమెకు తెలుసు. అంతా తెలిసే ఇంటికి పరిగెత్తింది. రాట్నం సంగతీ, గుంత మగ్గం సంగతీ పక్కన భర్త ఉండగా నాకు చెప్పడానికి ఆమెకు ఇంకో దారి లేదు. నన్ను వెళ్ళగొట్టినాక నాయన నా కోసం కట్టిన ముడి నా చేతిలో ఉంది. ఆయన బతికుండగా ఒక్క మెట్టు దిగి ఒక్క ఫోను చేయలేకపోయాడే అని కోపం వచ్చింది. నేనైనా చేయలేకపోయానే అని అంతకంటే ఏడుపు వచ్చింది. సైకిల్ సీటు పట్టుకున్నాను.

హెల్మెట్ పట్టీ విప్పాను. గాగుల్స్ తీశాను. ఎండ కళ్ళలోకి కొట్టింది.

రాఘవమ్మత్త లేచి నిలబడింది. మిరపకాయలు ఒళ్ళోంచి కిందికి రాలిపోయాయి. ఎవరే, ఎవరే అని పక్కవాళ్ళను అడుగుతోంది. చిత్రాన్నం గంగాళం దగ్గర నుంచి మోహన్‌కృష్ణ బావ, మోకాలు పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఇంతకుముందు ఎవరూ లేరా తల్లీ అని అడిగిన ముఖమే. జాలి మాత్రం లేదు. నా నుదురు చూశాడు, మెడ చూశాడు. జయరావు లేడన్న సంగతి అర్థమైనట్టుంది, కళ్ళు ఒకసారి కిందికి వాలాయి. అంతలోనే మళ్ళీ లేచాయి.

వీధి వీధంతా చూస్తుండగా నాయన చితికి నిప్పు పెట్టింది అతను. కొడుకులు లేని మనిషికి కొడుకై అన్నీ చేసింది అతను. ముసలితనంలో చెయ్యి పట్టి నడిపించింది అతను. అవన్నీ అతను చేస్తున్నప్పుడు నేను ఎక్కడున్నాను? ఆ ప్రశ్న అతను అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు ఉంది, మీరు మూసిన తలుపు అవతల ఉన్నానని చెప్పేదాన్ని. అతని చూపు నా పిడికిలి మీదికి దిగింది.

“ఆ ముడుపు ఇట్లియ్యి” అన్నాడు, గొంతు పెంచకుండా. “కొరివి పెట్టింది నేను. ఆయన మొక్కు తీర్చేదీ నేనే. ఏడాది కానీ, నేనే యేస్తా.”

చెయ్యి చాపాడు. న్యాయంగా అడుగుతున్నాడో, అన్యాయంగా అడుగుతున్నాడో నాకు తేలలేదు. నా వేళ్ళు వాటంతట అవే కొంచెం సడలాయి. ఇచ్చేసి, సైకిలెక్కి, ఎవరికీ చెందని మనిషిగా పుత్తూరు వైపు పోవడం ఎంత సులువో ఆ క్షణంలో తెలిసింది. అలవాటైన దారే కదా.

అక్క మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. ఆ రోజు గడపలో భర్త వెనక తల వంచుకుని నిలబడిన మనిషి ఇప్పుడు ఆయనకు వీపు తిప్పి నా వైపు నిలబడింది. ఆమె మాట పందిరి అవతలి దాకా వినబడింది.

“ఇయ్యాకు వనజా.”